వీరవేణి మంట అంకె

పాఠం 57, మంగళవారం

హాజరు: పదకొండు మందిలో పదిమంది. సాల్మన్ రాలేదు. నడుం పట్టేసి మంచం దిగలేకపోయాడట.

ఈ నమోదు పుస్తకంలో పాఠం సంగతులు మాత్రమే రాయమని ఆరోగ్య మండలి వాళ్ళు చెప్పారు. ఎవరొచ్చారు, ఏం వండాం, ఎవరి మంట అంకె ఎంత. అంతే. కానీ నేను ముప్ఫై ఏళ్ళు వేట పడవల మీద వంట చేసినవాణ్ణి. గరిట పట్టుకుంటే నా నోరు ఊరుకోదు. చదివేవాళ్ళు కాస్త సర్దుకోవాలి.

రాత్రి గాలికి సముద్రం మీద మా తేలుడు ఊరు రెండు బారలు తూర్పుకి జరిగింది. పొద్దున్న రేవువాళ్ళు గొలుసులు బిగిస్తుంటే పొయ్యి మీద గిన్నె ఒరిగి, పులుసు సగం నేలపాలైంది. పదింటికి వంటింటి గోడ తెర వెలిగేసరికి నేనింకా నేల తుడుస్తూనే ఉన్నాను. గోడలో పదిమందీ ఎవరి వంటింట్లో వాళ్ళు కూర్చుని నన్ను చూసి నవ్వుతున్నారు.

"వంగి తుడవకూడదని మీరే కదండీ చెప్పారు?" అన్నారు సరోజినిగారు. ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. డెబ్బై రెండేళ్ళు. కీళ్ళవాతం. నా జబ్బే ఆవిడకీ.

"అది మీకు చెప్పానండీ, నాక్కాదు," అన్నాను.

మా అందరి జబ్బులకీ పేర్లు వేరు. కొందరికి కీళ్ళవాతం, ముగ్గురికి లూపస్, సాల్మన్‌కి వెన్ను బిగుసుకుపోయే రోగం. కథ మాత్రం ఒకటే. ఒంటికి కాపలా కాయాల్సినవాళ్ళే ఒంటి మీద పడి కొడుతున్నారు. మందుల సంగతి ఒడ్డున డాక్టర్ నిరూపగారు చూసుకుంటారు. తిండి, నిద్ర, నడక, ఎండ తగలకుండా జాగ్రత్త, ఇదంతా నా బడి.

ఈవేళ వంట: చోడి (రాగి) జావ, ఉప్పు తగ్గించిన కవళ్ళ చేపల పులుసు. చేతిపాఠం: గిన్నెని వేళ్ళతో కాకుండా రెండు అరచేతులతో ఎత్తడం, గరిట కాడకి పాతగుడ్డ చుట్టి లావు చేసుకోవడం. నా వేళ్ళు కొంకర్లు పోయి పంతొమ్మిదేళ్ళయింది. ఈ చేతులతో నేను చేసి చూపిస్తే వాళ్ళకి ధైర్యం వస్తుంది.

చివర్లో మంట అంకెలు చదివాను. మండలి వాళ్ళు మా అందరి చేతికీ ఒక కడియం వేశారు. చెమట పీల్చి, లోపల మంట ఎంతుందో అంకెలో చెబుతుంది. పది లోపుంటే ఒళ్ళు చల్లగా ఉన్నట్టు. ఇరవై దాటితే జాగ్రత్త. ముప్ఫై దాటితే డాక్టరు. సరోజినిగారు 19. మిగతావాళ్ళు పదకొండుకీ ఇరవైనాలుక్కీ మధ్య.

వీరవేణి 7.

ముప్ఫై నాలుగేళ్ళ పిల్ల. పదమూడో తేలుడు ఊళ్ళో వలలు అల్లుతుంది. లూపస్. ఆర్నెల్ల కిందట బడిలో చేరినప్పుడు ఆమె అంకె 38. "అన్నం కలుపుకోవడానికి కూడా వేళ్ళు రావట్లేదండి మాస్టారూ," అని గోడలోంచే ఏడ్చింది. అప్పుడు ఆమెకి ఏం చెప్పాలో తెలీక, చెంచాకి గుడ్డ ఎలా చుట్టాలో చూపించాను. ఆ వేణి ఇప్పుడు ఏడు!

"చూశారా మన వేణిని? అంతా చేతివంట మహిమే. వంటిల్లే మన ఆసుపత్రి," అన్నాను ఎప్పట్లాగే. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి తల దించుకుంది. సిగ్గెక్కువ.

పాఠం 59, మంగళవారం

హాజరు: పదకొండు. సాల్మన్ గోడకి ఆనుకుని నిలబడే పాఠం విన్నాడు.

మండలి నుంచి ఉత్తరం వచ్చింది. వీరవేణి అంకెలు చూసి ముచ్చటపడ్డారట. ఆమె వంట, ఆమె దినచర్య చిత్రీకరించి నలభై తేలుడు ఊళ్ళకీ పాఠంగా పంపుతారట. చిత్రీకరణ వచ్చే వారం శనివారం. ఉత్తరం చివర్లో "మీ శిక్షణ ఫలితం" అని ఉంది. ఆ మాట రెండుసార్లు చదువుకున్నాను. మా ఆవిడ మంగకి వినపడేలా ఇంకోసారి.

పాఠంలో ఆ కబురు చెప్పగానే గోడంతా గోల. వీరవేణి ఒక్కతే మాట్లాడలేదు. ఈమధ్య తన గోడ కెమెరాని పొయ్యి వైపు తిప్పి పెడుతోంది. మనకి చేతులు మాత్రమే కనిపిస్తాయి.

"వద్దండి మాస్టారూ. నా మొహం ఏం బాలేదండి."

"మొహానికేమమ్మా? టోపీ పెట్టుకో. నీ చేతులు చూపిస్తే చాలు."

"నాకు రాదండి."

"ఏడు అంకెకి తెచ్చుకున్నదానివి, నీకు రానిదేముంది?"

మళ్ళీ చప్పట్లు. చప్పట్లు ఆగాక "సరేనండి" అంది.

ఈవేళ వంట: మునగాకు పప్పు. సాల్మన్ మాడబెట్టాడు.

పాఠం 60, శుక్రవారం

హాజరు: పదకొండు.

ఈవేళ చలికి వేళ్ళు తెల్లబడే సంగతి చెప్పాను. మాలో నలుగురికి ఉంది అది. చల్లనీళ్ళు తగిలితే వేళ్ళు ముందు పాలిపోతాయి, తర్వాత నీలం, ఆ తర్వాత ఎర్రగా మండుతాయి. వీరవేణికి మరీ ఎక్కువ. చల్లటి గ్లాసు పట్టుకున్నా వేళ్ళు సుద్దముక్కలైపోతాయి.

చిత్రీకరణ వాళ్ళకి ఇవ్వాలని నిన్న ఆమె కడియం చీటీ మొత్తం తెప్పించాను. మామూలుగా నేను మంట అంకె ఒక్కటే చూస్తాను. చీటీలో చర్మం వేడి కూడా ఉంటుంది. రోజూ పొద్దున్న ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఆమె చర్మం వేడి పంతొమ్మిది డిగ్రీలకి పడిపోతోంది. మూడు గంటలు!

"వేణీ, పొద్దున్న పూట ఏం పని చేస్తున్నావమ్మా?"

"నీళ్ళ పనండి."

"గ్లౌజులు వేసుకుంటున్నావా?"

"వేసుకుంటన్నానండి."

"ఆ పని ఇంకెవరికైనా చెప్పు తల్లీ. నీ వేళ్ళు పాడైపోతాయి."

"అలాగేనండి."

పాఠం అయ్యాక మంగ ఉన్ని తీసి గ్లౌజులు అల్లడం మొదలుపెట్టింది. వీరవేణిని ఎప్పుడూ ఎదురుగా చూడలేదు మంగ. అయినా పాఠం జరుగుతున్నంతసేపూ నా వెనక కూర్చుని కూరలు తరుగుతుంది కాబట్టి పదకొండు మందీ తన పిల్లలే అన్నట్టుంటుంది. సరోజినిగారితో సహా.

పాఠం 61, మంగళవారం

హాజరు: పది. వీరవేణి రాలేదు. ఒంట్లో నలతగా ఉందని కబురు పెట్టింది. ఆమె అంకె మాత్రం కడియం నుంచి వచ్చింది. 7.

పాఠం అయ్యాక అందరూ వెళ్ళిపోయినా సరోజినిగారు గోడలోనే ఉండిపోయారు.

"ఎల్లాజీగారూ, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. వీరవేణి అంకెలు ఎన్నాళ్ళుగా ఇలా ఉన్నాయి?"

"రెండున్నర నెలలు."

"ఏడు, ఏడు, ఎనిమిది, ఏడు. నలతగా ఉన్నరోజు కూడా ఏడు. ఈ జబ్బున్న ఒంటికి అంత నిలకడ ఎక్కడిదండీ? నాకు ఒకరోజు నిద్ర తగ్గితే మూడు పెరుగుతుంది. నలభై ఏళ్ళు పరీక్ష పేపర్లు దిద్దాను. పక్కవాడి పేపర్లోంచి రాసిన జవాబు ఎలా ఉంటుందో నాకు తెలుసు."

నాకు కోపం వచ్చింది. ఒక పిల్ల బాగుపడితే ఓర్చుకోలేకపోతున్నారా అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆవిడ గోడ ఆర్పేశారు.

బుధవారం, పాఠం లేదు

పొద్దున్నే వాన నీళ్ళ పీపాలు కడిగించాను. మధ్యాహ్నం మంగ గ్లౌజులు ముగించి దారం తెంపుతూ అడిగింది.

"ఇదిగో, ఆ పిల్ల చర్మం వేడి ఎంతకి పడిపోతోందన్నావు?"

"పంతొమ్మిది."

"ఈ ఎండల్లో సముద్రం నీళ్ళు ఎక్కడైనా అంత చల్లగా ఉంటాయా? పడవల మీద బతికినవాడివి, నీకు తెలీదా?"

చీటీ మళ్ళీ తీసి చూశాను. పంతొమ్మిదే.

"వాళ్ళాయన లోవరాజు ఎక్కడ పని చేస్తాడన్నావు?"

ఐసు గదిలో. చేపల పెట్టెలు మోస్తాడు. పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకా. వీరవేణే ఎప్పుడో చెప్పింది, ఆయన పని నుంచి వచ్చేసరికి జావ కాస్తానని.

సరోజినిగారికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. "అది తర్వాత చూద్దాం. ముందు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళండి," అన్నారు.

గురువారం, పాఠం లేదు

ఇది పడవలో కొంత, ఆసుపత్రి వరండాలో కొంత రాస్తున్నాను. వేళ్ళు నొప్పిగా ఉన్నాయి. అక్షరాలు సరిగ్గా లేకపోతే మండలి వాళ్ళు మన్నించాలి.

పొద్దున్న సర్వీసు పడవెక్కి పదమూడో తేలుడు ఊరికి వెళ్ళాం. మంగ కూడా వచ్చింది. రెండు గంటల ప్రయాణం. వీరవేణి ఇల్లు రేవు పక్కనే. కిటికీలకి టార్పాలిన్లు దించి ఉన్నాయి. మేం తలుపు కొట్టబోతుంటే లోవరాజు ఐసు గది నుంచి వచ్చాడు. ఆరడుగుల మనిషి. కనుబొమల మీద ఇంకా మంచు తడి ఉంది. నన్ను గుర్తుపట్టి ఠక్కున ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ చెయ్యి పట్టుకుని మోచేతి దాకా ఉన్న గ్లౌజు కిందకి లాగాను. కడియం. పచ్చ రంగులో 7.

"మాస్టారండీ," అని గడప మీద కూర్చుండిపోయాడు. "నేను చెప్తే వినలేదండి. ఒక్క రోజుకే అంది. మళ్ళీ మంగళవారం వచ్చేది. మళ్ళీ శుక్రవారం వచ్చేది. తీసేస్తానంటే ఏడ్చేదండి. దాని ఏడుపు నేను చూడలేనండి."

లోపల చీకటిగా ఉంది. వీరవేణి చాప మీద గోడకి ఆనుకుని కూర్చుంది. ఆర్నెల్లుగా వారానికి రెండుసార్లు చూస్తున్న పిల్లని నేను గుర్తుపట్టలేకపోయాను. కళ్ళ కింద వాచిపోయి రెప్పలు గీతల్లా ఉన్నాయి. ముక్కు మీంచి రెండు చెంపలకీ ఎర్రటి మచ్చ పాకింది.

"ఎందుకొచ్చారండీ?" అంది. గొంతులో భయం లేదు. కోపం.

"నిన్ను చూద్దామని."

"చూశారు కదండీ. ఇంక వెళ్ళండి."

మంగ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. వీరవేణే మొదలుపెట్టింది.

"మీరే అన్నారు కదండీ, అంతా చేతివంట మహిమేనని. వంటిల్లే ఆసుపత్రని. మరి మాత్రలెందుకు అనుకున్నానండి. ఆ మాత్రలకి నా మొహం గుమ్మడికాయలా ఉబ్బిపోయింది. రేవులో పిల్లలు నవ్వేవారు. కళ్ళక్కూడా మంచివి కావని ఎవరో అన్నారు. ఆపేశాను. నెల బాగానే ఉన్నానండి. తర్వాత పద్నాలుగైంది. తర్వాత ఇరవై రెండు. ఆ మంగళవారం నేను ఇరవై రెండని చెబుదామనే కూర్చున్నానండి. నేను నోరు తెరిచేలోపు మీరు నా పేరు చెప్పేశారు. వేణిని చూడండి, వేణిలా చెయ్యండి అని. అందరూ చప్పట్లు కొట్టారు. సాల్మన్‌గారైతే లేచి నిలబడి మరీ కొట్టారు. ఆయనకి లేచి నిలబడ్డం ఎంత కష్టమో నాకు తెలుసు కదండీ. ఇంక ఎలా చెప్పనండీ? పాఠం చివర్లో మీరు అంకెలు చదివేలోపే కడియం విప్పి ఈయన చేతికి పెట్టేశానండి."

ఏ పిల్ల గురించైతే నేను ఇల్లంతా తిరిగి గొప్పలు చెప్పుకున్నానో ఆ పిల్ల నోరు నేనే కట్టేశాను. నెలనెలా డ్రోను తెచ్చిన మాత్రలన్నీ బిస్కెట్ల డబ్బాలో అలాగే ఉన్నాయి. లోవరాజు డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. మూత తియ్యడానికి నా వేళ్ళు రాలేదు. అతనే తీశాడు.

ఈలోగా మంగ ఆమె చీలమండ మీద బొటనవేలితో నొక్కి వదిలింది. గుంట పడింది. పడినది పడినట్టే ఉండిపోయింది.

"ఒంటేలుకి వెళ్తే నురగొస్తోందా అమ్మా?"

వీరవేణి తలూపింది. "పదకొండో పాఠంలో మాస్టారు చెప్పారు కదండీ, నురగొస్తే కిడ్నీలని. చూసినరోజే తెలిసిందండి. పది రోజులైంది."

తెలిసి పది రోజులు ఈ చీకట్లో కూర్చుంది. నేను ఆ పది రోజులూ చిత్రీకరణకి ఏ కూర బాగుంటుందా అని ఆలోచించాను.

డాక్టర్ నిరూపగారికి ఫోన్ చేశాను. బీపీ చూడమన్నారు. నూట డెబ్బై ఎనిమిది. "ఈ పూటే తీసుకురండి. రేపటి దాకా ఆగొద్దు," అన్నారు.

వీరవేణి కదలలేదు. "నేను రానండి. బడిలో అందరికీ తెలిసిపోద్ది."

ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. నా మోకాళ్ళకి అది మంచిది కాదు. కూర్చున్నాను.

"వేణీ, తప్పు నాదమ్మా. నీ అంకె తగ్గించింది మాత్రలూ, దాంతో పాటు నీ తిండీ, నీ నిద్రా. నేను మాత్రల మాట మింగేసి వంట మాటే చెప్పాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే కాబట్టి గొప్పంతా దానికే కట్టబెట్టాను. నువ్వు నన్ను నమ్మావు."

ఆమె నా వైపు చూడలేదు. కరిగిపోలేదు కూడా. మంగ లేచి చీర కొంగు దోపుకుంది.

"లే అమ్మా. కోపం పడవలో పడుదువుగాని."

బయటికొచ్చి చూస్తే రేవులో ఎర్రజెండా. గాలి ఎక్కువైందని సర్వీసు పడవలు ఆపేశారు. లోవరాజు పరిగెత్తి ఐసు పడవ తాళాలు అడిగి తెచ్చాడు. అతనూ ఇంకో ఇద్దరూ కలిసి పడవలో ఉన్న ఐసంతా సముద్రంలోకి తోసేశారు. అడుగు ఇంకా చల్లగా ఉందని బొంతల మీద బొంతలు పరిచి, వాటి మీద ఆమెని పడుకోబెట్టాం. మంగ తను అల్లిన గ్లౌజులు ఆమె చేతులకి తొడిగింది.

ఒడ్డుకి నాలుగు గంటలు పట్టింది. అలలు పడవని ఎత్తెత్తి వేశాయి. లోవరాజు చుక్కాని వదల్లేదు. మధ్యలో ఒకసారి నన్ను పిలిచి, చుక్కాని మీద నుంచి చెయ్యి తియ్యకుండానే కడియం విప్పమన్నాడు. "దానికి పెట్టెయ్యండి మాస్టారూ. ఇంక నాకొద్దు."

తీసి వీరవేణి చేతికి పెట్టాను. కాసేపు ఏమీ చూపించలేదు. తర్వాత పన్నెండు. ఇరవై తొమ్మిది. యాభై ఒకటి దగ్గర ఎర్రగా ఆగింది. వీరవేణి దాన్ని చూసి కళ్ళు మూసుకుంది. మంగ ఆమె తల తన ఒళ్ళో పెట్టుకుని, ఒడ్డు వచ్చేదాకా జుట్టు నిమురుతూ కూర్చుంది.

సాయంత్రం నాలుగింటికి చేర్చుకున్నారు. నరంలోకి మందు ఎక్కిస్తున్నారు. కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూస్తారట.

పాఠం 62, శుక్రవారం

హాజరు: పది. కాకినాడ ఒడ్డున లాడ్జి గదిలోంచి పాఠం చెప్పాను. వంట లేదు.

వీరవేణి సంగతి వీరవేణే చెప్పుకోవాలి. ఆసుపత్రిలో ఉంది, మంచి డాక్టరు చూస్తున్నారు అని మాత్రం చెప్పాను. తర్వాత నా సంగతి చెప్పాను. వంటిల్లు ఆసుపత్రి కాదని, నేను తెలివితక్కువగా మాట్లాడానని, కవళ్ళ పులుసు ఒంటికి మంచిదే గానీ అది మాత్ర పని చెయ్యదని. ఇకనుంచి అంకెలు పైకి చదవనని. ఎవరైనా మాత్రలు ఆపేసి ఉంటే ఇప్పుడే చెప్పమని, ఏమీ అననని అడిగాను.

ముందు సాల్మన్ చెయ్యెత్తాడు.

"సగం మాత్రే వేసుకుంటన్నానండి. మూడు వారాలుగా. వేణిగారిలా తిండితోనే తగ్గించుకుందామనండి."

తర్వాత ఇంకొకరు. తర్వాత ఇంకొకరు. పదిమందిలో ముగ్గురు. ముగ్గురినీ పాఠంలోంచే డాక్టర్ నిరూపగారితో కలిపాను. మిగతావాళ్ళు వెళ్ళిపోకుండా కూర్చున్నారు. సాల్మన్ మాట్లాడుతున్నంతసేపూ సరోజినిగారు తన గోడలోంచే "ఫర్వాలేదు నాయనా, చెప్పు చెప్పు," అంటూ ఉన్నారు.

చిత్రీకరణ రద్దు చెయ్యమని, కారణం పూర్తిగా రాసి మండలికి ఉత్తరం పంపాను. నన్ను బడి నుంచి తీసేస్తే తీసెయ్యచ్చు, పిల్లలకి మాత్రం మంచి మాస్టారిని ఇవ్వండి అని కూడా రాశాను. మంగ చదివి, "పిల్లలంట! సరోజినిగారు వింటే కొడతారు," అంది. రెండు రోజుల్లో మొదటిసారి నవ్వాం.

పాఠం 65, మంగళవారం

హాజరు: పదకొండు. కానీ పదకొండో మనిషి వేరు.

మండలి జవాబు ఇచ్చింది. నన్ను తియ్యలేదు. ఇకమీద ప్రతి పాఠంలోనూ మొదటి పది నిమిషాలు డాక్టర్ నిరూపగారు కూర్చుంటారు. ఇది ముందే చెయ్యాల్సిందని ఆవిడా అన్నారు, నేనూ అన్నాను.

వీరవేణి కిడ్నీలు దెబ్బతిన్నాయి గానీ పోలేదు. ఇంకో రెండు వారాలు ఆగి ఉంటే రక్తం శుద్ధి చేసే యంత్రానికి కట్టాల్సి వచ్చేదట. నెలనెలా మందు ఎక్కించుకోవాలి, మాత్రలు చాలాకాలం ఉంటాయి, ఉప్పు బాగా తగ్గించాలి. నిన్న ఇంటికి పంపారు.

నేను ఆసుపత్రికి వెళ్ళిన మూడుసార్లూ ఆమె మంగతోనే మాట్లాడింది.

ఈవేళ పదింటికి గోడ వెలగ్గానే వీరవేణి చోట లోవరాజు కనిపించాడు. తల దువ్వుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని, ఒళ్ళో నోటుపుస్తకంతో. మోకాళ్ళు గోడకి తగులుతున్నాయి.

"నేను రావచ్చా అండి? నాకు జబ్బేం లేదండి. వంట రాదండి. దానికి వండిపెట్టాలి."

"రావయ్యా, రా," అన్నారు సరోజినిగారు, నేను అనేలోపే.

"వేణి ఎలా ఉంది?" అని అడిగాను.

"మెల్లగా తిరుగుతోందండి." నోటుపుస్తకం సర్దుకుని, "మీ మీద ఇంకా కోపంగానే ఉందండి."

"ఉండనీ."

ఈవేళ వంట: ఆనపకాయ కూర, ఉప్పు బదులు నిమ్మకాయ, మిరియాలు. లోవరాజు ఆనపకాయని చేపని కోసినట్టు తలా తోకా నరికి, మధ్యలో చీల్చాడు. పోపుకి ఇల్లంతా పొగ. "ఆవాలు చిటపటలాడాక ఆపాలండీ, పేలిపోయేదాకా కాదు," అని సాల్మన్ చెబుతుంటే అదీ నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

పాఠం 70, శుక్రవారం

హాజరు: పదకొండు, లోవరాజుతో కలిపి. సాల్మన్ వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు, చాలా రోజులకి.

డాక్టరుగారి పది నిమిషాలు అయ్యాయి. ఎండ క్రీము ఎంత మందంగా రాయాలో చెప్పారు. తర్వాత వంట. కానాగడత చేపల కూర, చింతపండు తక్కువ, ఉప్పు అసలే తక్కువ. లోవరాజు రెండో పొయ్యి మీద చోడి జావ కూడా పెట్టుకున్నాడు. కూర చూసుకుంటూ జావ మర్చిపోయాడు.

"ఉండ కడుతోంది. కలుపు, కలుపు. అలా కాదు, అడుగు నుంచి!"

గొంతు నాది కాదు. లోవరాజు వెనక తలుపులో వీరవేణి నిలబడి ఉంది. మంగ అల్లిన గ్లౌజులు, చుట్టూ పెద్ద అంచున్న టోపీ. మొహంలో వాపు తగ్గింది. మచ్చ ఇంకా ఉంది. మెల్లగా వచ్చి అతని చేతిలోంచి గరిట తీసుకుని, గుడ్డ చుట్టిన కాడ అరచేతుల మధ్య పెట్టుకుని తిప్పింది. అలా తిప్పడం నేను నేర్పిందే. నా వెనక మంగ కూర తరగడం ఆపేసింది.

జావ దించాక మా వైపు తిరిగింది.

"మాస్టారూ."

"అమ్మా."

"ఈయనకి అడుగు నుంచి కలపడం మీరు నేర్పలేదండి."

"నిజమే. నేర్పలేదు."

"నా అంకె అడగరా?"

"ఎవరినీ అడగటం లేదమ్మా ఇప్పుడు. చెప్పాలనుకున్నవాళ్ళు చెబుతారు."

ఆమె గ్లౌజు కొంచెం కిందకి లాగి కడియం చూసుకుంది.

"ముప్ఫై మూడండి. రాసుకోండి."

రాసుకున్నాను. వీరవేణి, 33. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సాల్మన్ గొంతు సవరించుకుని, "నాది ఇరవై ఆరండి. మాత్రలు పూర్తిగా వేసుకుంటన్నాను," అన్నాడు. "నాది ఇరవై రెండు. నిన్న ఆవకాయ తిన్నాను, ఎవరూ తిట్టకండి," అన్నారు సరోజినిగారు. వీరవేణి నవ్వింది. చాలా కొంచెం.

ఆ తర్వాత లోవరాజు ఆమెకి పీట వేసి, కూరా అన్నం పళ్ళెంలో పెట్టి ఇచ్చాడు. ఇచ్చి, ఆరడుగుల మనిషీ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. వీరవేణి గ్లౌజు తీసి ఒక ముద్ద పెట్టుకుంది. నమిలింది. మేమందరం గోడలోంచి ఆమె మొహమే చూస్తున్నాం.

"చప్పగా ఉంది," అంది.

లోవరాజు తల వేలాడేశాడు.

ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది, వేళ్ళతోనే.

"రేపు కూడా ఇలాగే చెయ్యి."